సభలో రాణి

బొమ్మ ఎత్తబోయిన గంగాధర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఇంకా తడిగా ఉందండి.”

“తెలుసు. అయినా తీసుకెళ్లాలి. రేపే రాజమండ్రిలో బొమ్మల ప్రదర్శన,” అంది శ్రీసుధ నీరసంగా.

నాటకంలో ఒక ఘట్టం పట్టుకుని, కథంతా ఒక్క బొమ్మలో చెప్పడమంటే ఆమెకు ప్రాణం. ఈసారి పరాయి రాజు నిండు సభలో భర్త కోసం న్యాయం అడిగే రాణి. సభ కుదిరింది. రాజు కుదిరాడు. వారం రోజులుగా ఎన్నిసార్లు దిద్దినా రాణి మాత్రం కుదరలేదు.

ట్రాలీ ఆటో బయట పెట్టి వచ్చిన గంగాధర్ బొమ్మకేసే చూస్తున్నాడు.

“రాణిగారు ఏడుస్తున్నారేంటండి?”

“మొగుడికి ఉరిశిక్ష పడింది మరి.”

“ఏడుపు ఇంటి దగ్గరేనండి. సభలోకొచ్చాక అడగడమే.”

“ఎలా అడుగుతుంది?”

అతను తలగుడ్డ విప్పి భుజాన వేసుకున్నాడు. గడ్డం కాస్త ఎత్తి, కుడి అరచెయ్యి చాపాడు. బెదిరించలేదు. బతిమాలలేదు. తనది తనకిమ్మన్నట్టు చాపాడు, అంతే.

శ్రీసుధ కుంచె అందుకుంది.

“కదలకండి.”

రెండు గంటలు కదల్లేదు అతను. బొమ్మలో రాణికి ప్రాణం వచ్చింది. శ్రీసుధ గుండెల మీంచి బరువు దిగింది.

“నాటకాల్లో వేషాలు వేసేవారా?”

“తెర దగ్గర ఉండేవాణ్ణండి,” అంటూ బొమ్మను పదిలంగా బండెక్కించాడు.

మర్నాడు రాజమండ్రి హాల్లో ఒక పెద్దావిడ ఆ బొమ్మ ముందు ఆగిపోయింది. పేరు శ్యామలాంబ అని చెప్పింది.

“ఎవర్ని చూసి వేశావమ్మా?”

“గంగాధర్ గారని, మా వీధిలో ట్రాలీ ఆటో నడుపుతారండి.”

ఆవిడ పక్కనున్న కుర్చీలో కూలబడింది.

“బతికే ఉన్నాడా? నాటక కంపెనీ మూసేశాక ఎటు పోయాడో తెలీక పదిహేనేళ్లుగా వెతుకుతున్నాం. నేను అందులో చెలికత్తె వేషం కట్టేదాన్ని.”

శ్రీసుధ వెంటనే నంబరు నొక్కి ఫోను ఆవిడ చేతికిచ్చింది. అవతల గొంతు వినగానే ఆవిడ కళ్లు తుడుచుకుని, ఊపిరి పీల్చుకుంది.

నిన్న అంతసేపు నిలబెట్టి, కూర్చోమని కూడా అనలేదని అప్పుడు గుర్తొచ్చింది శ్రీసుధకు.

ఆవిడ మాట్లాడి ఫోను తిరిగిచ్చాక శ్రీసుధ అడిగింది.

“ఆయన తెర దగ్గర పనిచేసేవారటగా?”

శ్యామలాంబ నవ్వింది.

“తెర లేవగానే, నిజంగా ఆడమనిషే అనుకుని జిల్లా అంతా దణ్ణం పెట్టిన రాణి అతనేనమ్మా.”