గిజిగాడి దీపాలు

వాగు ఒడ్డున ఈతమట్టకు గూడు అల్లుకున్న గిజిగాడు, తాతల నాటి అలవాటు ప్రకారం లోపల తడిమన్ను మెత్తి, దానికో మిణుగురు పురుగును దీపంగా అంటించుకున్నాడు. గూడు ముచ్చటగా వెలిగింది. పక్కగూట్లో రెండు దీపాలు కనబడేసరికి వాడి కడుపు మండింది. తను మూడు తెచ్చాడు. ఇక ఆగితేనా, గూడంతా పురుగులే.

తెల్లారి ఉబ్బిన కళ్ళతో చెట్టు కింది తాబేలు దగ్గర వాలాడు.

"తాతా, ఆ వెలుగుకి కంటిమీద కునుకు పడటం లేదు. ఏం చెయ్యను?"

"పురుగుల్ని వదిలెయ్యరా. చీకటి దానంతటదే వస్తుంది."

గిజిగాడు అన్నిటినీ వదిలేశాడు. ఆ రాత్రి హాయిగా కళ్ళు మూసుకోబోతూ పక్కగూటి వైపు ఓసారి చూశాడు. పక్కవాడూ దీపాలు తీసేసినట్టున్నాడు.

వాడి చీకటే కాస్త చిక్కగా కనబడింది.