గోరింట చాచిన కాలు

చోటు అడిగినవాళ్లకి ఆశపోతులని పేరు పెడతారెందుకు, చెప్పండి?

ఎలుగుబంటి ఓ పెట్టెలో తేనెటీగల్ని పెంచేది. కుంకుడు చెట్లు పూతకొచ్చేసరికి పెట్టె ఈగలతో కిక్కిరిసింది. గోరింట అనే ఈగ బతిమాలింది: "మామా, పైన ఇంకో పెట్టె పెట్టు. ఇరుకైతే రాణి ఈగ సగంమందితో ఎగిరిపోతుంది. మా అక్క కూడా పోతుంది."

"మేడ కావాలటమ్మా వీళ్లకి! ముందు ఉన్నదాన్ని నింపండి," అని ఎలుగు వెక్కిరించింది.

మర్నాడే గుంపు లేచిపోయింది, అక్కతో సహా. ఎలుగు పరుగున పై పెట్టె తెచ్చి పెట్టింది. నింపేవాళ్లేరీ? పూతంతా రాలిపోయినా అందులో చుక్క తేనె పడలేదు.

మైనం గదులు కట్టేటప్పుడు ఈగలు ఒకదాని కాలు ఒకటి పట్టుకుని గొలుసులా వేలాడతాయి. గోరింట ఇప్పటికీ ఒక కాలు అక్క కోసం గాల్లోకి చాచే ఉంచుతుంది.

మీ ఇంట్లో ఎవరైనా చోటు అడుగుతున్నారా? వాళ్లు వెళ్లకముందే ఇవ్వండి.