ఫోర్‌మన్ సారు ఒప్పుకోలే

“ఏందయ్యా, నా కుంకుమ భరిణె కనవడ్తలేదు. నీ బండికే పెట్టినవా?”

గంగాప్రసాద్ తలెత్తలేదు. మూరెడు పొడవున్న ఆవిరి రైలింజిన్ నమూనా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఇత్తడి భరిణె అంచును ఆకురాయితో రాస్తున్నాడు.

“గిది భరిణె గాదే, డోమ్. ఆవిరంత గిండ్లనే జమైతది. గిది లేకుంటె ఇంజిన్ ఇంచు గూడ కదల్దు, ఎర్కేనా?”

“నాకేం ఎర్క? నాకెర్కైంది ఒక్కటే. తవ్విన పసుపు కుప్పల్నే ఉన్నది. పసుపు ఉడకవెట్టే దేవన్న బాయిలర్ గిప్పుడు మన దిక్కే తిరుగుతున్నది. కమ్మర్‌పల్లి దిక్కు పోయిండంటె మల్ల దొరకడు. కుప్ప కుళ్లినంక ఏం ఉడకవెడ్తవ్?”

“జర ఆగు. రేపు చూద్దాం.”

ఆ రేపు ఎన్నటికీ వచ్చేది కాదని ఆర్మూర్‌లో అందరికన్నా బాగా తెలిసింది అతని భార్య త్రివేణికే. ఐటీఐలో ఫిట్టర్ చదివిన గంగాప్రసాద్‌కు పసుపు చేనంటే తండ్రి అంటగట్టిన బరువు, ఇంజిన్ అంటే ప్రాణం. అంగట్లో కొన్న భాగం ఒక్కటీ పెట్టనని ఒట్టు కూడా వేసుకున్నాడు. ప్రతిదీ చేత్తో చేయాల్సిందే. బాయిలర్‌కు నీళ్ల పైపు ముక్క, రివెట్లకు గుండుసూదుల తలలు, మిగతావన్నీ వంటింటి సొమ్ము. కొనడం పాపం గానీ, పెళ్లాం సామాను ఎత్తుకుపోవడం పాపం కాదన్నమాట!

ఇంత తంటా ఎవరి మెప్పు కోసమంటే, ఫేస్‌బుక్‌లో ఆవిరి ఇంజిన్ల అభిమానుల గ్రూపు ఒకటుంది. అందులో భూషణం గారని రిటైరైన లోకో ఫోర్‌మన్ ఈమధ్యే చేరాడు. ఆయన ముఖం ఎవరూ చూడలేదు. ఫోటో ఉండాల్సిన చోట పొగ కక్కే ఇంజిన్ బొమ్మ ఉంటుంది. గంగాప్రసాద్ ఏ ఫోటో పెట్టినా అందరికన్నా ముందు పలికేది ఆయనే. పలికిన ప్రతిసారీ తప్పు పట్టేదీ ఆయనే. ఆయన నోట ఒక్కసారి ‘సరే’ అనిపించుకుంటే జన్మ ధన్యమనుకున్నాడు గంగాప్రసాద్.

భరిణె బిగించి ఫోటో పెట్టాడు. అన్నం తిని కునుకు తీసి లేచేసరికి జవాబు వచ్చేసింది.

“డోమ్ తప్పు. ఆవిరంతా జమయ్యేది అక్కడే. ఇంత చిన్నదాంట్లో ఏం జమవుతుంది? కర్రతో చెక్కండి.”

“చూసినవా! పొద్దుగాల నేన్ నీకు జెప్పిన ముచ్చట్నే సార్ గూడ అన్నడు. తెలివి గలోళ్లం ఒక్క తీరుగనే ఆలోచిస్తం,” అని మురిసిపోతూ, భరిణె కడిగి దేవుని గూట్లో పెట్టేశాడు.

తర్వాత కుక్కర్ విజిల్ మాయమైంది. పప్పు ఉడుకుతలేదని త్రివేణి మొత్తుకుంటే, “చారు వెయ్యి,” అన్నాడు. విజిల్ ఫోటో చూసిన ఫోర్‌మన్ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు.

“ఇదేం విజిల్? చూస్తేనే పప్పు వాసన కొడుతోంది.”

గంగాప్రసాద్‌కు సిగ్గుతో చచ్చినంత పనైంది. విజిల్ ఆ పూటే కుక్కర్ మీదికి చేరింది.

“నేన్ మొత్తుకుంటె ఇనవు. గా ముఖం తెల్వని సారు అంటె ఇంటవ్,” అంది త్రివేణి, వంటింట్లో ఫోన్ చూసుకుంటూ.

“గాయన ఫోర్‌మనే! నీకు సీరియళ్లు తప్ప ఏం తెల్సు? అయినా సౌండ్ లేకుంట సీరియల్ ఏం చూస్తవే?”

“చప్పుడైతె నీ పని చెడ్తదని.”

ఆ మాటకు అతని మనసు కరిగింది. మంచిదే పాపం, ఇంజిన్ల జ్ఞానం లేదు గానీ.

ఇక ఆవిరి గొట్టం మిగిలింది. రాగి తీగను వంచుతూ కూర్చుంటే, చేను నుంచి వచ్చిన త్రివేణి రెండు పసుపు కొమ్ములు తెచ్చి అతని ముందు పెట్టింది.

“అడుగున మెత్తవడ్తున్నయ్. దేవన్న రేపొక్క రోజే ఉంటడట. నువ్వొచ్చి నిలవడకుంటె కూలోళ్లు సగం పచ్చివే దింపుతరు. యాడాది కష్టమయ్యా!”

“రేపెట్ల కుదుర్తది? గొట్టం పని ఖతమే కాలేదాయె. సార్ ఏమంటడో ఏమో.”

త్రివేణి కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది. గంగాప్రసాద్ సగం వంచిన గొట్టం ఫోటో పెట్టాడు. ఈసారి జవాబు క్షణంలో వచ్చింది.

“మీరు ఆవిరిని దగ్గరనుంచి చూసిన మనిషిలా లేరు. ఆర్మూర్ వారు కదా, అక్కడ పసుపు ఉడికించే బాయిలర్లు లేవా? రేపే వెళ్లండి. మంట మీరే వెయ్యాలి, డ్రమ్ములు మీరే దించాలి. చివరి కొమ్ము ఉడికేదాకా కదలకూడదు. అప్పటిదాకా నాకేమీ చూపించొద్దు.”

గంగాప్రసాద్ ఒక్క ఉదుటున లేచాడు.

“త్రివేణీ! దేవన్నకు ఫోన్ కొట్టు. పొద్దుగాల్నే బాయిలర్ మన చేన్ల ఉండాలె!”

“గంత ఎండల నీకెందుకయ్యా? కూలోళ్లు చూసుకుంటరు తీ.”

“ఊకో! పసుపు కోసం గాదు, రీసెర్చ్ కోసం.”

మర్నాడు అతన్ని చూసి బాయిలర్ దేవన్నే ముక్కున వేలేసుకున్నాడు. కట్టెలు ఎగదోసేది గంగాప్రసాద్, పైపు బిగించేది గంగాప్రసాద్, పొగలు కక్కే డ్రమ్ము మూత తీసి కొమ్ము విరిచి చూసేదీ గంగాప్రసాద్.

“ప్రసాదన్నా, ఇయ్యాల పొద్దు ఎటు పొడిచిందే!” అన్నాడు దేవన్న.

పొద్దు వాలేసరికి ఆఖరి డ్రమ్ము ఒంపేశారు. కుప్పంతా ఉడికి, కళ్లంలో పరుచుకుంది. దాన్ని చూసి త్రివేణికి కడుపు నిండిపోయింది. మొగుడికి ముఖం కడుక్కోను నీళ్లు తెస్తానని బోరు దగ్గరికి వెళ్లింది. దారి అడగడానికి దేవన్న ఫోన్ చేస్తే వినపడాలని పొద్దున సౌండ్ పెంచుకున్న ఆమె ఫోన్ గోనెసంచి మీద ఉండిపోయింది.

గంగాప్రసాద్ మసి ముఖంతో, బాయిలర్ పక్కన నిలబడి ఫోటో దిగాడు. వెంటనే ఫోర్‌మన్‌కు పంపాడు.

“సార్, ఆఖరి కొమ్ము దాకా నిలవడ్డ. ఇగనన్న ఒప్పుకుంటరా?”

గోనెసంచి మీద త్రివేణి ఫోన్ టింగుమంది.