సీసాల బాబాయి

పాత అట్టపెట్టె మీద అచ్చయిన పేరు కనబడకుండా వదిన టేపు అంటిస్తుండగా ఫోన్ మోగింది.

"అమ్మా, పోయిన వారం మీ దగ్గర ఒక నీళ్ల సీసా తెప్పించుకున్నాను."

"పగిలిందాండీ?"

"లేదమ్మా, బావుంది. పెట్టె కూడా గట్టిది. ఆ పెట్టె చూశాకే మీతో మాట్లాడాలనిపించింది."

పనిలేని మనిషి అనుకుంది వదిన. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని టేపు కొరికింది.

"మీ సైటులో విడి సీసాలు అయిపోయాయని ఉంది. సీసా, టిఫిన్ డబ్బా, సంచీ కలిపిన సెట్లు మాత్రం ఉన్నాయంటున్నారు. సెట్టులోకి సీసా ఎక్కణ్ణించి వస్తుందమ్మా?"

"మీకు సెట్టు కావాలాండీ?"

"నాకెందుకు? మా ఇంట్లో బడికెళ్లేవాళ్లు లేరు."

"మరి మా సరుకు సంగతి మీకెందుకండీ?" అని పెట్టేసింది.

ఎదురుగా సంచులు మడతపెడుతున్న ఆడపడుచు తలెత్తింది. "ఎవరు వదినా?"

"ఎవరో బాబాయి. సీసాలు ఎక్కణ్ణించి వస్తాయని అడుగుతున్నాడు."

"చెట్టుకి కాస్తాయని చెప్పకపోయావా."

ఇద్దరూ నవ్వుకున్నారు.

అన్న ఉద్యోగం పోయాక ముందుగదిలో పెట్టిన ఈ ఆన్‌లైన్ షాపే ఇంటిల్లిపాదినీ మోస్తోంది. పెట్టెలు కూడా కొత్తవి కావు. మూతబడిన షాపు సామాను ఎక్కడో తూకానికి అమ్మేస్తుంటే ఆడపడుచు ఆటోలో వేసుకొచ్చింది.

"ఆ షాపాయన లేని సరుకుకి ఆర్డర్లు తీసుకుని మునిగాడట, పాపం," అంది ఆరోజు పెట్టెలు దించుతూ.

వదిన ఆ మాట విన్నది, మరిచిపోయింది.

సైటులో ఆమె సీసాలకి ఒక అంకె, సెట్లకి ఇంకో అంకె వేసింది. గదిలో సీసాల గుట్ట మాత్రం ఒకటే. ఎండలు ముదిరేసరికి సీసాలు విడిగానే ఎగిరిపోయాయి. సెట్ల అంకె మాత్రం కదలకుండా కూర్చుంది. ఒకే పిల్లని రెండిళ్లకి ఇస్తామని మాటిచ్చినట్టయింది వ్యవహారం.

ఇదివరకే కొందరు తల్లుల ఆర్డర్లు రద్దు చేసి తిట్లు తిన్నారు. ఇంకొక్కటి రద్దు చేస్తే షాపే తీసేస్తామని సైటువాళ్లు చెప్పేశారు. అయినా సెట్లు ఆపడానికి వదినకి మనసొప్పలేదు. ఫ్యాక్టరీ నుంచి సీసాల లోడు రేపోమాపో వస్తుందని ధీమా.

సాయంత్రం మళ్లీ అదే గొంతు.

"పెట్టేయకమ్మా. సెట్టుకి వేరే అంకె వద్దు. సీసా, డబ్బా, సంచీ మూడింట్లో ఏది తక్కువుంటే అది ఎన్నుంటే, అన్నే సెట్లు. ఇవాళే మార్చు. బళ్లు తెరిచే వారం ఇది."

"అయితే వచ్చి మా గల్లాపెట్టె దగ్గర మీరే కూర్చోండి బాబాయిగారూ."



"ఒకసారి కూర్చున్నానమ్మా," అన్నాడాయన.

వదిన ఆ నంబరు బ్లాక్ చేసింది.

మర్నాడు పొద్దున్నే ఫ్యాక్టరీవాళ్లు ఫోన్ చేశారు. లోడు వచ్చేసరికి వారం పడుతుందట.

వదిన కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తింది. మిగిలిన సెట్లన్నీ ఒకే ఆర్డరులో అయిపోయి ఉన్నాయి.

"సీసాల బాబాయే," అంది ఆడపడుచు తెరలోకి వంగి. "నంబరు చూడు. సెట్టు అక్కర్లేదన్నవాడు ఊడ్చిపెట్టుకుపోయాడు. మనల్ని ముంచడానికే."

"పోటీవాళ్లెవరో పంపిన మనిషే అయ్యుంటాడు. ఇప్పుడు రద్దు చేస్తే మన పని అయిపోయినట్టే."

"ఆగు వదినా. పంపాల్సిన తేదీ చూడు. సైటులో ఉన్నవాటిల్లో ఆఖరిది ఎంచుకున్నాడు."

కింద ఒక మాట రాసి ఉంది: "నాకు తొందర లేదు. రద్దు మాత్రం చేయకండి."



మధ్యాహ్నానికి బళ్ల నుంచి తల్లులకి కబుర్లు వెళ్లినట్టున్నాయి, ఫోనుకి మెసేజీలు మొదలయ్యాయి. సెట్లు అయిపోయాయా? మళ్లీ ఎప్పుడొస్తాయి? మా పాపకి నీలం సంచీ ఉంచుతారా?

ఆడపడుచు చదువుతూ చదువుతూ ఆగింది.

"వదినా, ఆయన ఊడ్చుకుపోకపోతే వీళ్లంతా కొనుండేవాళ్లు."

"మనం అన్నీ రద్దు చేసుండేవాళ్లం."

వదిన కుర్చీలో కూలబడింది. ఆకలేస్తోందని అప్పుడు తెలిసింది ఆమెకి.

లోడు వచ్చింది. అంకె ఆయన చెప్పినట్టే మార్చారు. ఆయన సెట్లనే ముందు కట్టి, పెట్టె మీద ఆయన చిరునామా చీటీ అంటించింది వదిన.

జిగురు ఆరకముందే ఫోన్ టింగుమంది. ఆయన తన ఆర్డరు తనే రద్దు చేసుకున్నాడు. కొన్నవాళ్లే రద్దు చేసుకుంటే షాపుకి మచ్చ రాదు. కారణం అడిగిన చోట రాశాడు: "ఇప్పుడు అంకె సరిగ్గా ఉంది."

వదిన బ్లాక్ తీసి ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. భోజనాలయ్యాక మళ్లీ చేసింది. ఎత్తలేదు.

"ఆయన కూడా మనల్ని బ్లాక్ చేసుంటాడు," అంది ఆడపడుచు.

"చేస్తే తప్పేముందే," అంది వదిన. "సరే, ఈ సెట్లు ఆ నీలం సంచీ పాప వాళ్లకీ మిగతావాళ్లకీ సర్దుదాం, పట్టు."

పెట్టె మీద చీటీ గోటితో లాగింది. చీటీతోపాటు దానికింద టేపు కూడా బారుగా లేచొచ్చింది.

మూతబడిన ఆ షాపు పేరు కింద అచ్చయి ఉన్నది, పొద్దుటినుంచీ ఆమె చేస్తున్న నంబరే.