తాబేలు విన్న చప్పుడు

అడవిలో ఎవరి నోట విన్నా తాబేలు మాటే. వడ్రంగిపిట్టకు ఒళ్ళు మండిపోయేది.

"నిండుగా ఉన్నది ఒకలా మోగుతుంది, డొల్లది ఇంకోలా మోగుతుంది" అంది తాబేలు. అంతే! ఉడత కాయల్ని తట్టి చూసి పుచ్చువి ఏరిపారేసింది. కుందేలు నేలను తట్టి, కింద డొల్లగా ఉందని కనిపెట్టి, కూలకముందే పిల్లల్ని తరలించింది.

"పొద్దస్తమానం చెట్లు కొట్టి ముక్కు అరగదీసుకునేది నేను. కూర్చున్నచోటు కదలని నీకా ఇంత పేరు?" అని తాబేలు మీద విరుచుకుపడింది పిట్ట.

"కోపమెందుకు తల్లీ? నువ్వు కొట్టే చప్పుడు వినే కదా ఆ సంగతి తెలుసుకున్నాను!"

పిట్ట మరింత కుళ్ళిపోయింది. "ఇకమీదట ఎలా వింటావో నేనూ చూస్తా!" అని ఆ రోజు ఒక్క చెట్టునూ కొట్టలేదు, ఒక్క పురుగునూ తినలేదు.

సాయంత్రానికి దాని కడుపులోంచే చప్పుడు మొదలైంది. అది నిండుదో డొల్లదో తాబేలును అడగాల్సిన పని లేకపోయింది.