అమ్మమ్మ మోకాలు

అక్టోబర్ 11, శనివారం. పొద్దున వంటింట్లోకి వచ్చేసరికి మా అమ్మమ్మ వెర్నా తన బూట్లకు కొత్త లేసులు ఎక్కిస్తోంది. ఏప్రిల్‌లో మోకాలి ఆపరేషన్ అయిన మనిషి, రేపు నాతో స్టేట్ పార్కుకు నడకకు వస్తుందట.

సంబరంగా మ్యాపు పరిచాను. జలపాతం దాకా వెళ్లి అదే దారిన తిరిగొచ్చే చిన్న బాటను ఎర్ర పెన్సిల్‌తో గీశాను.

"ఇది బాతులకు రొట్టెముక్కలు వేసేవాళ్ల దారి. కొండ చుట్టూ తిరిగొద్దాం పద."

"వద్దు అమ్మమ్మా. సగంలో నీ మోకాలు మొరాయిస్తే? ఇందులోనైతే ఎక్కణ్ణుంచైనా వెనక్కి రావచ్చు."

"డాక్టరు కొండెక్కమన్నాడు."

"దిగేటప్పుడు ఆయనొచ్చి మోస్తాడా?"

అమ్మమ్మ నవ్వి, కొండబాట వెంట వేలు జరుపుతూ వెళ్లి, చివర్లో ఏటి మీద వేలాడే వంతెన దగ్గర ఆపింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"పోయినేడు ఇక్కణ్ణుంచే కదూ తిరిగొచ్చావు? అప్పుడు తమ్ముడి కాలు బెణికిందన్నావు. నీ ఒక్క భయానికి ఇంకా ఎంతమంది కాళ్లు కావాలే?"

ఆమె మ్యాపును తలకిందులుగా తిప్పింది.

"రేపు పొద్దున ఇటునుంచి మొదలెడదాం, వంతెనే ముందొస్తుంది. శాండ్‌విచ్‌లు నా సంచిలో ఉంటాయి. నేను దాటి అవతలి గట్టున కూర్చుని తింటుంటాను. నీకు ఆకలేసినప్పుడు రా."