రెండు బిళ్ళల మధ్య

"నా మందు మార్చేది లేదు. ల్యాబులో ఆవిడగారికి అదే చెప్పు," అంది పెద్ద కోడలు నర్సుతో.

ల్యాబులో ఆవిడగారు, అంటే చిన్న కోడలు, అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. ఇద్దరూ డాక్టర్లే. మాట్లాడుకోవడానికి మాత్రం మధ్యలో మనిషి కావాలి. మంచం మీద ఉన్నది ఇద్దరికీ అత్తగారు. ఆవిడ రక్తంలో చేరిన బాక్టీరియా ఏ మందుకీ లొంగడం లేదు. బీపీ పడిపోతోంది.

"నీ మందు దండగక్కా. కళ్ళారా చూడు," అంటూ చిన్న కోడలు గాజుపళ్ళెం చేతికిచ్చింది. అత్తగారి రక్తంలోని క్రిములను అందులో పెంచింది. తోడికోడలి పరువు తీయాలన్న పంతంతో, ఆమె మందు పట్టించిన కాగితపు బిళ్ళను తన మందు బిళ్ళ పక్కనే అందులో పెట్టింది.

పెద్ద కోడలు పళ్ళేన్ని వెలుతురుకెత్తింది. "నా బిళ్ళ చుట్టూ క్రిములు హాయిగా ఉన్నాయి, నిజమే. మరి నీ బిళ్ళ చుట్టూ? గురివింద తన నలుపెరగదట."

చిన్న కోడలు పళ్ళెం మీదికి వంగింది. "అక్కా... మధ్యలో చూడు."

రెండు బిళ్ళల మధ్య ఒక్క క్రిమి లేదు. కడిగినట్టు శుభ్రంగా ఉంది.

"రెండూ కలిపి ఇద్దాం," అంది చిన్న కోడలు.

"రెండూ కిడ్నీలను దెబ్బతీసేవే. తేడా వస్తే?"

"ఇవ్వకపోతే ఈ పూట గడవదు."

పెద్ద కోడలు మంచం పక్కకు కుర్చీ లాగింది. "నా ఒక్కదానికి ధైర్యం చాలడం లేదు. నువ్వూ ఉండు."

చెరో మందూ ఎక్కించి, మంచానికి చెరో పక్కన కూర్చున్నారు. మూత్రం సంచీ నిండుతుందా లేదా అని దాని వంకే చూస్తూ ఉండిపోయారు. చుక్క చుక్కగా నిండింది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. ఇన్నాళ్ళూ దేనికి పోట్లాడుకున్నారో ఎంత తలచుకున్నా వాళ్ళకు గుర్తు రాలేదు.

మర్నాటికి జ్వరం దిగింది. అత్తగారు కళ్ళు తెరిచారు. జరిగిందంతా నర్సు చెబితే శ్రద్ధగా విన్నారు. సాయంత్రం చిన్న కోడలు ఒంటరిగా దొరకగానే దగ్గరికి రమ్మని సైగ చేశారు.

"నన్ను బతికించింది నీ మందేనే తల్లీ," అన్నారు చెవిలో. "పెద్దదానితో అనకు. ఓర్వలేదు."

చిన్న కోడలు కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చింది. వరండాలో పెద్ద కోడలు ఎదురైంది.

"అత్తయ్య ఏమన్నారు?"

చిన్న కోడలు తడబడింది. "ఏం లేదక్కా. నీళ్ళడిగారు."

పెద్ద కోడలు ముఖం పక్కకు తిప్పుకుంది.

"పొద్దున నన్నూ నీళ్ళే అడిగారు."